ఫంక్షన్‌లో మిగిలిన భోజనం ఎవరికివ్వాలి?

ప్రశ్న (నాచారం): వచ్చే నెల ఉప్పల్‌లో మా అక్క కూతురి పెళ్లి. రాత్రి భోజనాలకు ఎంతమంది వస్తారో తెలియక టెన్షన్‌గా ఉంది. మిగిలింది పారబోయడం నాకు ఇష్టం లేదు. ఫుడ్ బ్యాంకు వాళ్లు తీసుకుంటారా?

జవాబు (సికింద్రాబాద్, వలంటీరు): కొందరు తీసుకుంటారండి, కానీ ముందే చెప్పిపెట్టాలి. ఫుడ్ బ్యాంకుల ప్రధాన పని గోదాములో ఉంటుంది: బియ్యం, కందిపప్పు, నూనె సేకరించి, గడువు తేదీలు చూసి, ఆశ్రమాలకు, బస్తీల్లో పనిచేసే సంస్థలకు పంపడం. 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో మొదలైన పద్ధతి ఇది.

వండిన అన్నం లెక్క వేరు. 60 డిగ్రీల కంటే చల్లారి గంటల తరబడి ఉంటే క్రిములు పెరుగుతాయి. అందుకే మేం బఫేలో అందరూ గరిటె పెట్టింది తీసుకోం. వంటపాత్రల్లో మూతపెట్టి వేడిగా ఉన్నదే తీసుకుంటాం. పెరుగు చట్నీ వద్దంటాం. పెద్దాసుపత్రుల బయట పేషెంట్ల బంధువులు రాత్రిళ్లు ఫుట్‌పాత్ మీదే పడుకుంటారు. గిన్నె దించగానే పిల్లల్ని లేపుకుని వస్తారు. అలాంటి వాళ్లకు పాచిపోయింది పెట్టడం కంటే పెట్టకపోవడమే మేలని నా గట్టి నమ్మకం.

ఇంకో జవాబు: మిగులు ఆహారం పంపిణీకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో నిబంధనలు పెట్టింది. భోజనం తీసుకెళ్లే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉందా అని తప్పక అడగండి. పేదలకు మధ్యాహ్నాల్లో జీహెచ్‌ఎంసీ (నగరపాలక సంస్థ) 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం ఉంది, రాత్రిపూటే ఇబ్బంది.

ప్రశ్న అడిగినవారు: క్యాటరింగ్ ఆయనతో మాట్లాడి, గిన్నెలు అవసరమైతేనే తెరవమంటాను.

వలంటీరు: చాలా మంచిదండి. ఆ హాలుకు లిఫ్ట్ ఉందో లేదో కూడా కనుక్కోండి, మనుషుల్ని దాన్నిబట్టి పంపాలి.