19వ వారం గర్భం, రెండేళ్ల నిద్రమాత్ర అలవాటు: ఎలా బయటపడాలి?

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఒక బ్యాంకులో గుమస్తాగా పనిచేస్తున్నాను, ఇప్పుడు నాకు 19వ వారం నడుస్తున్నది. రెండేళ్ల క్రితం మూడో నెలలో గర్భం నిలవకుండా పోయినప్పుడు, రాత్రుళ్లు కన్ను మూతపడక ఏడుస్తూ కూర్చుంటుంటే, ఒక డాక్టరు గారు 15 రోజులకని అల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ఆ 15 రోజులు ఏనాడో అయిపోయాయి గానీ మాత్ర మాత్రం ఆగలేదు. మా వీధి చివర మెడికల్ షాపులో ఆ పాత చీటీనే చూపిస్తూ వచ్చాను, కొంతకాలానికి వాళ్లు చీటీ అడగడం కూడా మానేశారు.

గర్భం నిలిచిందని తెలిసిన రోజున మానేయాలనుకొని రెండు రాత్రులు వేసుకోలేదు. మొదటి రాత్రి అసలు నిద్ర లేదు. రెండో రాత్రికి గుండె దడదడలాడి, చేతులు వణికి, ఒళ్లంతా చెమట పట్టి, ఏదో కీడు జరగబోతున్నదన్న భయం పట్టుకున్నది. మూడో రాత్రి మళ్లీ వేసుకున్నాను. అప్పటి నుంచి రోజూ వేసుకుంటూనే, బిడ్డకు విషం పెడుతున్నానేమోనని తెల్లవారుజామున కుమిలిపోతున్నాను. ప్రసూతి డాక్టరు గారికి ఈ సంగతి చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. మాత్రల అట్ట బ్యాంకు సంచిలో, పాస్‌బుక్కుల మధ్య దాగి ఉంటుంది. మా అత్తగారు మంచివారే, నిద్ర పట్టడం లేదని తెలిసి రాత్రిపూట గసగసాల పాలు ఇస్తున్నారు. పైగా కాళ్లలో ఏదో పురుగు పాకినట్లుండి, పడుకున్న చోట పడుకోనివ్వదు. వచ్చే వారం టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలను వివరంగా చూసే స్కాన్) ఉన్నది. ఆ లోపల పూర్తిగా మానేసి వెళ్లడం మంచిదా? ఇప్పటికే బిడ్డకు ఏమైనా జరిగి ఉంటుందా? దయచేసి తెలిసినవారు చెప్పండి, తిట్టినా ఫరవాలేదు.

చెనిక్కాయల చేను, ధర్మవరం

అమ్మా, మా తల్లికి ఆరుగురు బిడ్డలం, ఆమె ఏ మాత్రా ఎరుగదు. మనసు గట్టి చేసుకొని నేటి నుంచే మానేయండి. రాత్రి పాలలో చిటికెడు జాజికాయ పొడి, కాస్త అశ్వగంధ వేసుకుంటే నిద్ర దానంతట అదే వస్తుంది.

మందుల అంగడి, అనంతపురం

పై సలహా ఇచ్చిన పెద్దవారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, దయచేసి దానిని పాటించకండి. నేను ఇరవై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. అల్ప్రజోలం వంటి మాత్రను రెండేళ్లు రోజూ వేసుకున్న శరీరం, మెదడును శాంతపరిచే పనిలో కొంత భాగాన్ని ఆ మాత్రకే అప్పగించి ఉంటుంది. ఒక్కసారిగా దానిని తీసివేస్తే అణిగి ఉన్నదంతా ఒక్కుమ్మడిగా లేస్తుంది. మీరు రెండో రాత్రి చూసిన దడ, వణుకు, చెమట అదే. అది మీ మనోబలం లేకపోవడం కాదు. కొందరిలో అది మూర్ఛ వరకు పోతుంది, గర్భిణికి మూర్ఛ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. కాబట్టి స్కాన్ లోపల మానేయాలన్న ఆలోచన వదిలేసి, ఈ వారంలోనే డాక్టరు గారికి నిజం చెప్పి, అంతవరకు ఇప్పుడున్న మోతాదును పెంచకుండా, తగ్గించకుండా ఉండండి. ఒకవేళ ఫిట్స్ వచ్చినా, మనిషి అయోమయంలో పడినా, ఇంట్లోవారు 108కి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేయాలంటే కనీసం మీ ఆయనకు విషయం తెలిసి ఉండాలి కదా.

అశ్వగంధ గర్భిణులు వాడదగినది కాదు, జాజికాయ ఎక్కువైతే అదే ఒక విషం. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. కూరలో పడే కొద్దిపాటి సంగతి వేరు, నిద్రమాత్రతో పాటు రోజూ గిన్నెడు నూరి తాగడం వేరు. అత్తగారిని నొప్పించకుండా, వట్టి పాలే సహిస్తున్నాయని చెప్పండి. వాంతులకని డాక్సిలమైన్ మాత్ర వాడుతుంటే అదీ మత్తునిచ్చేదే, రెండూ కలిస్తే మత్తు ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి డాక్టరు గారికి విడిగా చెప్పాలి. నొప్పులకు ట్రమడాల్, కోడీన్ వంటివి దీనితో కలిపి ఎట్టి పరిస్థితిలోనూ సొంతంగా వేసుకోవద్దు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

మీరు కొన్న షాపు గురించి నేనేమీ అనను గానీ, నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. 2014 మార్చి నుంచి అల్ప్రజోలం, జోల్పిడెం వంటి నిద్రమాత్రలు మందుల నిబంధనలలోని హెచ్1 జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామన్నది విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మాత్రల అట్ట మీద ఎర్ర గీతల పెట్టెలో ఆ హెచ్చరిక ముద్రించింది అలంకారానికి కాదు. మేము ఆ రిజిస్టరును నిజంగా రాసి ఉంటే ఇలాంటి ప్రశ్నలు సగం తగ్గేవి.

ప్రొద్దుటూరు అమ్మ

చెల్లీ, తిట్టడానికి ఇక్కడ ఎవరికీ అర్హత లేదు, నాకైతే అసలే లేదు. ఆరేళ్ల క్రితం నేనూ ఇదే మాత్రతో ఆరో నెల వరకు వచ్చాను. నా వెనుక ఉన్నది దుఃఖం కూడా కాదు, ఇంట్లో అప్పులు, రాత్రంతా లెక్కలు. డాక్టరమ్మకు చెప్పిన రోజు నా చేతులు వణికిన మాట నిజం. ఆమె మాత్రం పెన్ను కింద పెట్టి, "ఎంత, ఎప్పటి నుంచి, చివరిసారి ఎప్పుడు?" అని మూడే ప్రశ్నలు అడిగి, మానసిక వైద్యుల దగ్గరకు పంపించారు.

తగ్గించడం మెట్లు దిగినట్లు ఉంటుంది. నాకు మొదట నాలుగో వంతు తగ్గించి, రెండు వారాలు అక్కడే ఆపి, నేను తట్టుకున్నానా అని చూసి, తరువాత ఇంకా చిన్న మెట్లు వేశారు. తగ్గించిన ప్రతిసారీ మొదటి మూడు నాలుగు రాత్రులు పాడయ్యేవి. "నాకు మాత్ర లేనిదే కుదరదు" అన్న మాట సరిగ్గా ఆ రాత్రులలోనే లోపలి నుంచి వినిపించేది. అది నిజమైన నిద్రలేమి కాదు, మాత్ర వెళ్లిపోతూ తలుపు కొట్టే చప్పుడు అని డాక్టరు గారు ముందే చెప్పి ఉండకపోతే నేను మళ్లీ పూర్తి మాత్రకు వెళ్లి ఉండేదాన్ని. కొలతలు మాత్రం నావి చూసి మీరు వేసుకోవద్దు, ఎవరి మెట్లు వారివి.

ఇక నిద్ర సంగతి. నేను రాత్రి ఎనిమిదిన్నరకే మంచమెక్కి, పదకొండున్నర దాకా దొర్లి, ఆ మూడు గంటలూ మంచం మీద పోరాటమే నేర్చుకున్నాను. మానసిక వైద్యులు ఆ అలవాటును తలకిందులు చేశారు. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఐదున్నరకే లేవాలి. నిద్ర ముంచుకొచ్చేదాకా పడకెక్కకూడదు. పడుకున్నాక ఇరవై నిమిషాలైందనిపిస్తే లేచి నడవలో మసక వెలుతురులో కూర్చోవాలి. గడియారం కంటికి కనబడకూడదు, సెల్లు చేతిలో ఉండకూడదు. పగటి కునుకు అరగంటకు మించకూడదు. ఈ పద్ధతిలో పడక గంటలను బాగా కుదించే భాగం కూడా ఉంటుందట, గర్భిణికి దానిని మరీ బిగించరు. మొదటి వారం నాకు పిచ్చి పట్టినట్లే అనిపించింది, నడవలో కూర్చొని ఇంటి చింతపండంతా గింజలు తీసిపెట్టాను. మూడో వారానికి మంచం చూస్తే భయం పోయింది.

కాన్పు నాటికి నేను సున్నాకు రాలేదు, పావు ముక్క మిగిలే ఉన్నది. ఆ ముక్కను కూడా బిడ్డకు ఐదో నెల నడుస్తుండగా మానేశాను. పాలు ఇవ్వవచ్చా అన్నది డాక్టర్లే చూసుకొని చెప్పారు. బిడ్డ ఇప్పుడు ఒకటో తరగతి, బడికి వెళ్లేటప్పుడు తప్ప మరెప్పుడూ నిద్రపోదు.

లేబర్ రూం సిస్టర్, కడప

మీ రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు గనుక రాస్తున్నాను. ఈ రకం మాత్రల వల్ల గ్రహణం మొర్రి వస్తుందేమోనని పాత అధ్యయనాలు అనుమానించాయి. తరువాత పెద్ద సంఖ్యలో తల్లులను పరిశీలించినవి ఆ అనుమానాన్ని గట్టిగా బలపరచలేదు. మీరు భయపడుతున్నంత ప్రమాదం కాదు. టిఫా స్కాన్‌లో పెదవులను, గుండెను, వెన్నెముకను ఎలాగూ చూస్తారు, కాబట్టి స్కాన్ చేసే డాక్టరుకు కూడా ఏ మందు వాడారో చెప్పండి.

అసలు జాగ్రత్త కాన్పు దగ్గరపడ్డాక అవసరం. చివరి వారాలలో మోతాదు ఎక్కువగా ఉంటే పుట్టిన బిడ్డ మెత్తగా వాలిపోయి, చన్ను సరిగా పట్టక, ఒళ్లు చల్లబడి, ఊపిరి మందంగా తీయవచ్చు. కొందరు శిశువులు కొన్ని రోజుల తరువాత వణుకు, ఆగని ఏడుపు చూపుతారు. ఇవి తెలిసి ఎదురుచూస్తే పిల్లల డాక్టరు పక్కన ఉండి చూసుకోగలిగినవే. తెలియకపోతే మేము ఇన్‌ఫెక్షన్ అనుకొని వెతుకుతూ ఉంటాం. దాచడం వల్ల నష్టం అక్కడ వస్తుంది.

కాళ్లలో పురుగు పాకినట్లు ఉండటం గురించి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, నాకు మాత్రం అదే ముఖ్యంగా కనిపించింది. గర్భిణులలో ఈ బాధ చాలాసార్లు ఇనుము లోపంతో ముడిపడి ఉంటుంది. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత. అది బాగానే ఉన్నా నిల్వ ఇనుము తగ్గి ఉండవచ్చు గనుక ఫెరిటిన్ పరీక్ష అడగండి. ఇనుము మాత్రను టీతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. రాత్రి సంగటి తొందరగా తిని, నీళ్లు సాయంత్రం లోపలే ఎక్కువగా తాగితే ఛాతీలో మంట, మాటిమాటికి లేవడం తగ్గుతాయి. 28వ వారం నుంచి పక్కకు తిరిగి పడుకోవాలి. గురక కొత్తగా మొదలై బీపీ పెరిగినా, దద్దు లేకుండా అరచేతులు అరికాళ్లు రాత్రిపూట దురద పెట్టినా, దానిని నిద్రలేమి ఖాతాలో వేయకుండా వెంటనే ఆస్పత్రికి రండి.

పోయిన బిడ్డ కోసం రెండేళ్లుగా మీరు ఎవరితోనూ మాట్లాడలేదని మీ ఉత్తరం చెబుతున్నది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులను డాక్టరే స్వయంగా చూస్తారు, ఆ రోజున కూడా అడగవచ్చు.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

మూడు వారాల తరువాత రాస్తున్నందుకు క్షమించండి. మీ జవాబులను సెల్లులోనే మా ఆయనకు చూపించాను, నోటితో చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరువాత సంచి తెచ్చి అట్ట తీసి అలమరలో పెట్టి, ఇకనుంచి రోజూ తానే ఇస్తానన్నారు. డాక్టరు గారు కోప్పడలేదు, ఇంత ఆలస్యంగా చెప్పినందుకు మాత్రం కాస్త నొచ్చుకున్నారు. స్కాన్ బాగానే వచ్చింది. హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ బాగా తక్కువ. ఇనుము మొదలుపెట్టాక కాళ్ల బాధ కొంచెం నెమ్మదించింది. మాత్ర ఇప్పుడు 0.25వి ఒకటిన్నర, అంటే నాలుగో వంతు తగ్గింది. అక్కా, మీరు చెప్పిన ఆ నాలుగు రాత్రులు చెప్పినట్లే వచ్చాయి. మా ఇంట్లో చింతపండు లేదు, బియ్యంలో రాళ్లు ఏరాను. శ్రీమంతానికి పుట్టింటికి, ఆదోనికి వెళ్లాలి, కాన్పు అక్కడే. అక్కడి ఆస్పత్రిలో మళ్లీ మొదటి నుంచి అందరికీ చెప్పుకోవాలా?

లేబర్ రూం సిస్టర్, కడప

అవసరం లేదు. ఇక్కడి డాక్టరు గారితో మందు పేరు, ఇప్పటి మోతాదు, తగ్గించిన తేదీలు కేసు షీటు మొదటి పేజీలో రాయించుకొని, దాని జిరాక్సు ఒకటి మీ ఆయన దగ్గర, ఒకటి మీ అమ్మగారి దగ్గర ఉంచండి. ఆదోనిలో మొదటిసారి చూపించుకునే రోజునే ఆ పేజీని చేతికివ్వండి, నొప్పులు మొదలయ్యేదాకా ఆగవద్దు.