పని గంటలు నిజంగా తగ్గిన చోట పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా ఆఫీసులో వారానికి నాలుగు రోజుల పని పెట్టాలనుకుంటున్నారు. ఉద్యోగుల తరఫున ప్రతిపాదన రాసే పని నాకు అప్పగించారు. యాజమాన్యం మాత్రం ఉన్న 40 గంటలనే నాలుగు రోజుల్లో సర్దమంటోంది, అంటే రోజుకు పది గంటలు. బెల్జియంలో 2022లో వచ్చిన పద్ధతి ఇలాంటిదే. నా దృష్టిలో ఇది పని తగ్గించడం కాదు. చిన్నపిల్లలున్నవాళ్లకు ఆ నాలుగు రోజులూ నరకమే. ఐస్‌లాండ్‌లో 2015 నుంచి 2019 వరకు జరిగిన ప్రయోగాల్లో జీతం కోయకుండా 40 గంటల్ని 35, 36కు తగ్గించారు. నేను అడగాలనుకుంటున్నది అదే.

మీలో ఎవరైనా అలాంటి చోట పనిచేశారా? మీటింగులు తగ్గించారా, మనుషుల్ని పెంచారా? కస్టమర్ల ఫోన్లు ఎత్తేవాళ్లకు సెలవు ఎలా సర్దారు? నాకు ఎక్కువ టెన్షన్ వాళ్ల గురించే. మొదట్లో ఏం తేడా కొట్టిందో కూడా దయచేసి చెప్పండి.