డబ్బు పెట్టి కొన్న సినిమా ఖాతాలోంచి మాయమైతే పైరసీ ప్రతి చూడవచ్చా?

అడిగినవారు: పాతచిత్రాలు
ఒక ఆన్‌లైన్ దుకాణంలో అద్దెకు కాకుండా పూర్తి ధర చెల్లించి కొనుక్కున్న సినిమా, వారి హక్కుల గడువు ముగియడంతో నా ఖాతాలోంచి పోయింది. డబ్బు తిరిగి రాలేదు. ఇప్పుడది ఏ స్ట్రీమింగ్ సేవలోనూ లేదు, టొరెంట్‌లో మాత్రం ఉంది. చట్టం ఒప్పుకోదని తెలుసు. ఒకసారి ధర చెల్లించినవాడు అదే సినిమాను అలా దించుకుంటే నైతికంగా ఎవరికి అన్యాయం జరుగుతుందన్నదే నా సందేహం.

జవాబు: తటస్థుడు
మీరు కొన్నది చూసే అనుమతి మాత్రమేనని నిబంధనల్లో ఎక్కడో రాసే ఉంటుంది. 2009లో అమెజాన్ కొందరు కిండిల్ పాఠకుల పరికరాల్లోంచి, అమ్మినవారికి హక్కులు లేవని తేలిన పుస్తకాలను తొలగించింది. అక్కడ కనీసం సొమ్ము వాపసు ఇచ్చారు. కాలిఫోర్నియాలోనైతే 2025 నుంచి, ఇది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే బటన్ పెట్టకూడదు. ఆ మాట దాచి అమ్మినవారిదే తప్పు, మీది కాదు.

జవాబు: కత్తెర
నేను ఎడిటింగ్ విభాగంలో పనిచేస్తాను. పైరసీని దొంగతనం అనడం నాకూ సరిగా తోచదు. ప్రతి తీసినంత మాత్రాన హక్కుదారు చేతిలోంచి వస్తువు పోదు కనుక దొంగసొత్తు చట్టం దీనికి వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 1985లోనే, డౌలింగ్ కేసులో, తేల్చింది. అంతమాత్రాన నష్టం లేదనలేం. మా జీతాలు ముందే ముట్టినా, తర్వాతి సినిమాకు పెట్టుబడి దొరకడం ఈ సినిమా వసూళ్ల మీదే ఆధారపడుతుంది. ఇక టొరెంట్ సంగతి వేరు: మీరు దించుకుంటున్నంతసేపూ మీ కంప్యూటరు ఆ ముక్కలను ఇతరులకు పంపుతూనే ఉంటుంది. మీరు చెల్లించిన ధర మీ ఒక్కరికే చెల్లుతుంది గానీ, మీ నుంచి అందుకునే ముక్కూమొహం తెలియనివాళ్లకు చెల్లదు కదా!

జవాబు: భద్రపేటిక
కత్తెర గారూ, పాత డిస్కు కొన్నా నిర్మాతకు పైసా చేరదు, అయినా దాన్నెవరూ తప్పుపట్టరు. హక్కుదారులే అమ్మడం మానేసిన సినిమాకు పోయే వసూళ్లేమిటి? బీబీసీ తన 1960ల నాటి టీవీ ధారావాహిక ‘డాక్టర్ హూ’ టేపులెన్నో చెరిపేస్తే, దొరకని భాగాల శబ్దమైనా మిగిలింది ప్రేక్షకులు ఇంట్లో రికార్డు చేసుకోబట్టే. అయితే నిన్న విడుదలైన సినిమాను దించుకునేవారు కూడా ఈ వాదననే అరువు తెచ్చుకోవడం నాకు నచ్చదు.

అడిగినవారు: పాతచిత్రాలు
పంచడం గురించి కత్తెర గారు చెప్పింది నేను ఆలోచించని కోణం. ముందు ఆ దుకాణానికి వాపసు కోసం రాసి, ఎవరైనా వాడిన డిస్కు అమ్ముతున్నారేమో వెతుకుతాను. రెండూ కుదరకపోతే మళ్లీ ఇక్కడే అడుగుతాను.