ఆరేళ్ల బాబుకి తొడ ఎముక విరిగింది: నెయిల్సా, పిండికట్టా?

అందరికీ నమస్తే. మా బాబు మెట్ల మీద నుంచి పడ్డాడు. కుడి తొడ ఎముక మధ్యలో విరిగింది, చర్మం తెగలేదు. బరువు 19 కిలోలు. ఆపరేషన్ చేసి టైటానియం ఎలాస్టిక్ నెయిల్స్, అంటే వంగే సన్నటి కడ్డీలు రెండు వేద్దామన్నారు డాక్టర్ గారు. మోకాలికి కాస్త పైనుంచి, ఎముక ఎదిగే భాగానికి తగలకుండా పెడతారట. ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ తీయించాలి.

మా అత్తగారేమో పుత్తూరు కట్టు అంటున్నారు. అది నేను ఒప్పుకోను. నా సందేహమల్లా నడుము నుంచి పాదం దాకా వేసే పిండికట్టు గురించే. ఐదేళ్లలోపు పిల్లలకైతే ఎక్కువగా అదే వేస్తారట, మావాడు అంచున ఉన్నాడు. కానీ అన్ని వారాలు బాత్రూమ్ సంగతేంటి?

విరిగిన కాలు ఒక సెంటీమీటరు దాకా ఎక్కువ పెరగొచ్చని కూడా అన్నారు, అదొక టెన్షన్.

ఈ వయసులో నెయిల్స్ వేయించినవాళ్లుంటే చెప్పండి: మోకాలి దగ్గర కడ్డీ కొన గుచ్చుకుందా? బడికి ఎప్పుడు పంపారు?