చివరి దశ చికిత్సకు ఖర్చును బట్టి హద్దు పెట్టవచ్చునా?

చర్చాంశం: వైద్యం ఏటికేడు ఖరీదవుతున్నందున, కోలుకునే ఆశ లేని రోగులకు వెంటిలేటరు వంటి చికిత్సలను పరిమితం చేయడం సబబేనా?

మొదటి అభిప్రాయం:
సబబే. అమెరికాలో ప్రధానంగా వృద్ధుల కోసం నడిచే మెడికేర్ బీమా వ్యయంలో సుమారు నాలుగో వంతు జీవితపు చివరి ఏడాదిలో ఉన్నవారికే పోతోంది. అందులో కొంత టీకాలకు, ప్రాథమిక వైద్యానికి మళ్లిస్తే ఎందరో బతుకుతారు. "చేయగలిగినదంతా చేశాం" అనిపించుకోవడానికి కుటుంబాలు అప్పుల పాలు కావడం నాకు ప్రేమగా తోచదు.

రెండవ అభిప్రాయం:
ఆ నాలుగో వంతు నిజమే గాని, అది మెడికేర్‌కు మాత్రమే చెందిన లెక్క. 2017లో తొమ్మిది దేశాలు, ప్రాంతాల గణాంకాలను పోల్చి చూస్తే, మొత్తం వైద్య వ్యయంలో చివరి ఏడాది వాటా అమెరికాలో 8.5 శాతం, అన్నిటికన్నా ఎక్కువగా తైవాన్‌లో 11.2 శాతం మాత్రమే అని తేలింది. పైగా ఏది చివరి ఏడాదో మరణం తరువాత వెనక్కి లెక్కిస్తేనే తెలుస్తుంది తప్ప, వైద్యం చేస్తున్న డాక్టరుకు ముందుగా తెలియదు. ఏడాదిలోపు మరణించే అవకాశం సగానికి మించి ఉందని ముందే అంచనాకు అందినవారిపై అయ్యే ఖర్చు, మెడికేర్ వ్యయంలో 5 శాతం లోపేనని 2018లో 'సైన్స్' పత్రికలో వెలువడిన అధ్యయనం చూపింది. ఇక మీరు కోత పెట్టేది ఎవరికి?

అయితే ఖర్చు సంగతి పక్కన పెట్టినా, చికిత్స ఎంతవరకు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. గొంతులో గొట్టం ఉన్న మనిషి మాట్లాడలేడు. దాన్ని లాగేసుకోకుండా ఒక్కోసారి చేతులు కట్టి ఉంచుతారు. చికిత్సకు ఒప్పుకునే సంతకం మాత్రం ఐసీయూ బయట నిద్ర లేక కూర్చున్న కొడుకో కూతురో పెట్టాలి. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ (నొప్పిని, బాధను తగ్గించే ఉపశమన వైద్యం) కూడా అందుకున్నవారు చివరి రోజుల్లో తీవ్ర చికిత్సలు తక్కువగా తీసుకున్నా మధ్యస్థంగా 11.6 నెలలు జీవించారు. మామూలు చికిత్స మాత్రమే పొందినవారు 8.9 నెలలు. ఏ చికిత్స కావాలో, ఏది వద్దో రోగితో సంభాషణ ముందే జరగాలన్నదే నా వాదన.

మూడవ అభిప్రాయం:
ధైర్యం చెడుతుందని రోగికి జబ్బు పేరే చెప్పని ఇళ్లలో ఆ సంభాషణ ఎవరు మొదలుపెడతారండీ?

రెండవ అభిప్రాయం ఇచ్చినవారి జవాబు:
కుటుంబమే నిర్ణయించే అలవాటు బలంగా ఉన్న తైవాన్‌లోనే, ఆఖరి దశ రోగి ప్రాణం నిలిపే చికిత్స వద్దనుకునేందుకు వీలిచ్చే చట్టం 2000లో వచ్చింది. 2019లో అమలులోకి వచ్చిన మరో చట్టం ప్రకారం, రోగి తన ఇష్టాన్ని ముందుగా నమోదు చేయాలంటే ఆసుపత్రిలో జరిగే సంప్రదింపులో దగ్గరి బంధువు ఒకరైనా కూర్చోవాలి. అంటే కుటుంబాన్ని బయటకు పంపలేదు, రోగి ఎదుట కూర్చోబెట్టారు.