ఎంఆర్ఐలో కొత్త మచ్చలు లేవు, నడక మాత్రం తగ్గుతోంది: పెట్ స్కాన్‌తో ఏమైనా తెలుస్తుందా?

ప్రశ్న: రోగి తమ్ముడు

మా అక్క చాలా ఏళ్లుగా మల్టిపుల్ స్క్లిరోసిస్‌తో (ఎంఎస్, నరాల పై పొరను శరీర రక్షణ కణాలే దెబ్బతీసే జబ్బు) బాధపడుతోంది. మందులు క్రమం తప్పకుండా వాడుతోంది. ప్రతి ఎంఆర్ఐ రిపోర్టులోనూ కొత్త మచ్చలు లేవనీ, గాడోలినియం (ఎంఆర్ఐ కోసం రక్తనాళంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు) పట్టిన మచ్చలు కూడా లేవనీ రాస్తున్నారు. అయినా ఏడాదిగా ఆమె కుడికాలు ఈడుస్తూ నడుస్తోంది, మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ వదలలేకపోతోంది. మెదడులోని ఇన్‌ఫ్లమేషన్‌ను పెట్ స్కాన్ నేరుగా చూపగలదని చదివాను. ఎంఆర్ఐకి దొరకనిది పెట్‌కు ఎలా దొరుకుతుంది? ఆ స్కాన్ చేయిస్తే మందు మార్చాలో వద్దో తేలుతుందా?

సమాధానం: న్యూరాలజీ వైద్యురాలు

మీరు చెప్పిన పరిస్థితి ఈ జబ్బులో తరచుగా ఎదురయ్యేదే. గాడోలినియం మచ్చలోకి దిగాలంటే రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ ఆ చోట తెగి ఉండాలి. కొత్త దాడిలో రక్తం నుంచి లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు లోపలికి చొరబడినప్పుడు జరిగేది అదే. జబ్బు పాతబడిన కొద్దీ ఇన్‌ఫ్లమేషన్‌లో చాలా భాగం ఆ గోడ లోపలే సాగుతుంది. మెదడులోనే నివసించే మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు పాత మచ్చల అంచుల్లో చేరి, నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి తంతువుల పై పొర అయిన మయలిన్‌నూ, నరాల తంతువులనూ తినేస్తూ ఉంటాయి. అక్కడ గోడ చాలావరకు మూసుకునే ఉంటుంది కనుక గాడోలినియం పట్టదు, రిపోర్టు శుభ్రంగా వస్తుంది.

పెట్ వెతికేది ఈ కణాలనే. వాటి మైటోకాండ్రియా బయటి పొరలో టీఎస్‌పీఓ అనే ప్రోటీన్ ఉంటుంది. దానికి అతుక్కునే పదార్థానికి రేడియోధార్మిక పరమాణువును చేర్చి రక్తనాళంలోకి ఎక్కిస్తే, కణాలు గుమిగూడిన చోట సంకేతం పెరుగుతుంది. ఇలాంటి పదార్థాన్ని ట్రేసర్ అంటారు. పీకే11195 అనే ట్రేసర్‌తో ఎంఎస్ రోగులను పరీక్షించిన ఫలితాలు 2000 నాటికే ప్రచురితమయ్యాయి. ఫిన్లాండ్‌లోని టుర్కు బృందం 2020లో వెలువరించిన అధ్యయనం మీ ప్రశ్నకు మరింత దగ్గరగా ఉంటుంది: ఎంఆర్ఐలో మామూలుగా కనబడే తెల్ల పదార్థంలో ఈ సంకేతం ఎక్కువగా ఉన్నవారిలో, దాడులు రాకపోయినా, తరువాతి కాలంలో వైకల్యం ఎక్కువగా పెరిగింది. అయితే ఇది ఒక గుంపు సగటులో కనబడిన సంబంధం. ఒక్క మనిషి స్కాన్ చూసి ఫలానా మందు ఆపండి, ఫలానాది మొదలుపెట్టండి అని చెప్పడానికి దీన్ని ఆధారం చేసుకోలేము.

సమాధానం: పెట్ విభాగంలో పనిచేసే భౌతికశాస్త్ర నిపుణుడు

పై వివరణకు యంత్రం వైపు నుంచి కొంత చేరుస్తాను. పీకే11195లో సాధారణంగా వాడే రేడియోధార్మిక కార్బన్-11 అర్ధాయుష్షు (సగానికి తగ్గే కాలం) సుమారు 20 నిమిషాలు. తయారైన గంటకు ఎనిమిదో వంతే మిగులుతుంది కాబట్టి దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం అదే ప్రాంగణంలో ఉండాలి. కొన్ని ఇతర ట్రేసర్లలో వాడే ఫ్లోరిన్-18 అర్ధాయుష్షు దాదాపు 110 నిమిషాలు, కనుక ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. తరువాత వచ్చిన పీబీఆర్28 వంటి ట్రేసర్లు మరింత గట్టిగా అతుక్కుంటాయి గానీ, వాటితో ఒక చిక్కు ఉంది. టీఎస్‌పీఓ జన్యువులోని ఆర్ఎస్6971 అనే ఒక్క అక్షరపు తేడా వల్ల కొందరిలో అవి బలంగా, కొందరిలో మధ్యస్థంగా, కొందరిలో చాలా బలహీనంగా అతుక్కుంటాయి. అందుకే స్కాన్‌కు ముందే రక్తపరీక్షతో ఆ రకాన్ని తేల్చుకుంటాము. ఆ సంగతి చూడకుండా ఇద్దరి చిత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు.

స్కాన్ కూడా తేలిక కాదు. రోగి గంట నుంచి గంటన్నర సేపు తల కదపకుండా పడుకోవాలి. చాలా పద్ధతుల్లో మణికట్టు ధమనిలో సన్నని గొట్టం ఉంచి, రక్తంలో ట్రేసర్ ఎంత మిగిలిందో, ఎంత విరిగిపోయిందో మధ్యమధ్యలో కొలుస్తాము. ఆ కొలత ఉంటేనే రంగుల బొమ్మ లెక్కగా మారుతుంది.

ఇంతా చేసి వచ్చిన సంకేతాన్ని కూడా ఆచితూచి చదవాలి. టీఎస్‌పీఓ మైక్రోగ్లియాలోనే కాక ఆస్ట్రోసైట్లు అనే ఇతర మెదడు కణాల్లోనూ, రక్తనాళాల గోడల్లోనూ ఉంటుంది. పైగా ఎలుకల మైక్రోగ్లియా రెచ్చినప్పుడు ఈ ప్రోటీన్ పెరుగుతుంది గానీ మనుషుల కణాల్లో అలా పెరగదని 2023లో ప్రచురితమైన పరిశోధన చూపింది. కాబట్టి మనిషి మెదడులో సంకేతం పెరిగితే, అక్కడ కణాలు ఎక్కువగా చేరాయని చెప్పడం న్యాయం. అవి హాని చేస్తున్నాయా, మరమ్మతు చేస్తున్నాయా అన్నది ఆ సంకేతం చెప్పదు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే.

ప్రశ్న: రోగి తమ్ముడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కేన్సర్‌కు చేసే మామూలు పెట్ స్కాన్ చాలాచోట్ల దొరుకుతుంది కదా, దానితో పని జరగదా?

సమాధానం: న్యూరాలజీ వైద్యురాలు

జరగదు. అందులో వాడేది గ్లూకోజ్ లాంటి ఎఫ్‌డీజీ. ఆరోగ్యంగా ఉన్న మెదడే గ్లూకోజ్‌ను విపరీతంగా తీసుకుంటుంది కనుక ఆ వెలుగులో మైక్రోగ్లియా సంకేతం విడిగా తెలియదు. టీఎస్‌పీఓ పెట్ ప్రస్తుతం పరిశోధనలకే పరిమితం. మీ అక్కగారికి ఇష్టమైతే అలాంటి అధ్యయనంలో చేరవచ్చు, కానీ ఆ ఫలితం తన చికిత్సను మారుస్తుందన్న ఆశతో చేరవద్దని చెప్పండి.

ఈలోగా మీ న్యూరాలజిస్టును అడగదగినవి కొన్ని ఉన్నాయి. మెదడు ఎంఆర్ఐలో ఇనుమును పట్టిచూపే ససెప్టిబిలిటీ చిత్రాలు తీశారా, పాత మచ్చల చుట్టూ ఇనుము నిండిన అంచు కనబడిందా అని అడగండి. అలాంటి అంచు ఉన్న మచ్చల్లో పెట్ సంకేతం కూడా ఎక్కువగా ఉంటుందని రెండు పరీక్షలూ కలిపి చేసినవారు గమనించారు, పైగా దీనికి రేడియేషన్ అవసరం లేదు. అంతకంటే ముందు వెన్నుపాము ఎంఆర్ఐ చివరిసారి ఎప్పుడు తీశారో చూడండి. ఒక్క కాలే ఈడుస్తున్నప్పుడు కారణం మెడ దగ్గరో, ఛాతీ వెనుక భాగంలోనో ఉండవచ్చు; మెదడు పెట్ అక్కడికి చేరదు. కండరాల బిగువు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బీ12 లోపం వంటివి కూడా నడకను దిగజారుస్తాయి, వాటికి చికిత్స ఉంది. ఫిజియోథెరపీని మాత్రం ఏ స్కాన్ కోసమూ వాయిదా వేయకండి.