స్క్రిప్ట్ ఫలితం వికీ పేజీ మధ్యలో రావాలంటే ఎలా?

వెన్నెలదారి: పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ. సర్వర్‌లో ఉన్న నా పీహెచ్‌పీ స్క్రిప్ట్ డేటాబేస్ నుంచి ఒక పట్టిక తీసి చూపిస్తుంది. అది మా వికీ టెంప్లేట్‌లోనే, పైన లోగో, పక్కన మెనూ ఉండగా మధ్యలో రావాలి. కానీ లోగో కంటే పైన, పేజీ నెత్తిన వచ్చి కూర్చుంటోంది. ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

గట్టుమీద: ఏ వికీ? ఏ వెర్షన్? స్క్రిప్ట్‌ని ఎలా పిలుస్తున్నారు?

తాళంచెవి: పేజీలో హెచ్‌టీఎంఎల్‌ని ఉన్నదున్నట్టు రాయనిచ్చే రా హెచ్‌టీఎంఎల్ సెట్టింగ్ ఆన్ చేయమని ఎవరైనా అంటే వినకండి. పేజీ దిద్దగలిగే ప్రతివాళ్ళూ అందులో జావాస్క్రిప్ట్ పెట్టేయగలరు, మిగతావాళ్ళ లాగిన్లు పోతాయి. డేటాబేస్ నుంచి వచ్చే విలువల్ని కూడా ట్యాగ్ గుర్తుల్ని మామూలు అక్షరాలుగా మార్చే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్ గుండా పంపాకే చూపించండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు అదే బాధ.

వెన్నెలదారి: ఆ సెట్టింగ్ జోలికే పోలేదండీ. మీడియావికీ 1.39. సొంతంగా ట్యాగ్ ఎక్స్‌టెన్షన్ (పేజీలో ఆ ట్యాగ్ పెడితే నా ఫంక్షన్ నడుస్తుంది) రాసి, దాని ఫంక్షన్‌లో స్క్రిప్ట్‌ని ఇన్‌క్లూడ్ చేశాను.

గట్టుమీద: ఎకోతో నేరుగా ప్రింట్ చేయొద్దు. ఫలితాన్ని ఫంక్షన్ నుంచి రిటర్న్ చేయండి.

పాతకాపు: కారణం ఇదీ. మీడియావికీ పేజీ అంతా సిద్ధమయ్యాక చివర్లో స్కిన్ (లోగో, మెనూ ఉన్న పై రూపం) తొడిగి పంపుతుంది. మీ ఎకో అంతకుముందే బయటికి వెళ్ళిపోతోంది. స్క్రిప్ట్‌ని మార్చడం కుదరకపోతే, ఇన్‌క్లూడ్‌కి ముందు ఓబీ_స్టార్ట్ (ఎకో అయ్యేదాన్ని పట్టి ఉంచుతుంది), తర్వాత ఓబీ_గెట్_క్లీన్ (పట్టినదాన్ని చేతికిస్తుంది) పెట్టి, వచ్చినదాన్ని రిటర్న్ చేయండి. ఇన్‌క్లూడ్_వన్స్ మాత్రం వాడొద్దు, అది ఫైల్‌ని ఒక్కసారే నడుపుతుంది, ఒకే పేజీలో ట్యాగ్ రెండోసారి వస్తే ఖాళీగా ఉంటుంది. ఇంకోటి, మీరు టెంప్లేట్ అంటున్నది స్కిన్. మీడియావికీలో టెంప్లేట్ అంటే మూస, పేజీల్లో మళ్ళీ మళ్ళీ వాడుకునే రాత ముక్క, అది వేరే.

వెన్నెలదారి: పేరు ఏదైతేనేం, అర్థమైంది కదండీ.

పాతకాపు: వెతికేటప్పుడు టెంప్లేట్ అని కొడితే మూసల పేజీలే వస్తాయి, అందుకే చెప్పాను.

వెన్నెలదారి: ఆ రెండు లైన్లతో మధ్యలోకి వచ్చింది! కానీ డేటాబేస్‌లో కొత్త వరుస చేర్చినా పాత పట్టికే కనిపిస్తోంది.

గట్టుమీద: పార్సర్ క్యాష్, అంటే వికీ ఒకసారి తయారుచేసి దాచుకున్న పేజీ కాపీ. పార్సర్ గెట్అవుట్‌పుట్ మీద అప్‌డేట్‌క్యాష్‌ఎక్స్‌పైరీ పిలిచి సున్నా ఇవ్వండి, ఇక కాపీ దాచుకోదు. పాత కాపీ పోవడానికి పేజీని ఒకసారి పర్జ్ చేయండి (దాచిన కాపీని తీసేయించండి).

తాళంచెవి: అలా చేస్తే చూసిన ప్రతిసారీ పేజీ మళ్ళీ పార్స్ అవుతుంది, అంటే మొదట్నుంచీ తయారవుతుంది. అసలు దీనికి స్పెషల్ పేజీ (కోడ్ మాత్రమే తయారుచేసే పేజీ) రాయాల్సింది.

పాతకాపు: పట్టిక చుట్టూ మామూలు వికీ రాత కూడా కావాలంటే ట్యాగే మేలు.

తాళంచెవి: కావాలని ఆయన అనలేదు కదా.

వెన్నెలదారి: పర్జ్ చేశాక వచ్చిందండీ, థాంక్స్.